కుడి దీపం క్రింది సొట్ట

పేరు: రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్నది ఒకటి, వీధిలో అందరూ పిలిచేది సొట్టల మేస్త్రి అని. వయసు అరవై ఆరు. నాకు పరిచయమై ఇరవై తొమ్మిది సంవత్సరాల నాలుగు నెలలు. ఈ కాలమంతటా ఈయన నా పొరుగువారు. మా రెండు ఇళ్ళకు నడుమ ఉన్నవి ఒక ప్రహరీగోడ, నా గేటు స్తంభం. ఆ స్తంభం ఈ వ్యవహారంలో ఒక సాక్షి గనుక దానిని మొదటనే పేర్కొంటున్నాను.

తమ వాహన తనిఖీ కార్యాలయపు ఆవరణలో పదిహేడు రోజులుగా నిలిపి ఉంచిన మూడు చక్రాల చిన్న కారును గురించి ఈ లేఖ వ్రాస్తున్నాను. నేను ముప్పై ఏడేళ్ళు ఒక కార్యాలయంలో నకళ్ళ విభాగంలో పనిచేసి విరమించినవాణ్ణి. ఒకరు వ్రాసిన ఉత్తరాన్ని అక్షరం తప్పకుండా ఇంకొక కాగితం మీదికి ఎత్తడం నా వృత్తి. అందుచేత దేనినైనా చూసిన వెంటనే నమ్మే అలవాటు నాకు లేదు. ఈ మేస్త్రిని కూడా నేను నమ్మలేదు. నాకు తెలిసి ఇరవై తొమ్మిదేళ్ళలో ఈయన రెండు అబద్ధాలు ఆడారు. రెండూ ఒకే సొట్టను గురించి. ఒకరి తరఫున వ్రాసే లేఖలో ఇటువంటి మాట ఉండకూడదని నాకు తెలియకపోలేదు. కాని ఆ రెండు అబద్ధాలనూ దాచిపెడితే తమరు మిగిలిన నిజాన్ని నమ్మరు. తమ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

మేస్త్రి పని దెబ్బతిన్న బండ్ల రేకును మళ్ళీ పూర్వపు ఆకారానికి తేవడం. ఇంటి ప్రక్కనే రేకుల షెడ్డు. గోడకు ఇరవై రెండు సుత్తులు పెద్దదాని నుండి చిన్నదాని వరకు వరుసగా వ్రేలాడుతూ ఉంటాయి. ఒకటి తీస్తే దాని ఖాళీ పన్ను ఊడిన చోటులా కనబడుతుంది. ఒక ఇసుక సంచి, ఒక మొద్దు, చేతిలో ఇమిడే నాలుగు ఇనుప దిమ్మెలు. రేకు సరిగా వచ్చిందో లేదో ఈయన కంటితో చూడరు. పలుచని గుడ్డ ముక్క వేసి, కళ్ళు మూసుకుని, ఎడమ అరచేతితో దాని మీదుగా తడుముతారు. "కళ్ళు పొరబడతాయి బావగారూ, అరచేయి పొరబడదు" అంటారు. (ఈయన భార్య నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది గనుక ఈయన నన్ను బావగారూ అంటారు. ఈ వరుస నేను అంగీకరించినది కాదు. అభ్యంతరం తెలిపి ఇరవై ఎనిమిదేళ్ళయింది.)

ఒక పని పూర్తయిందని అరచేయి ఒప్పుకుంటే, రేకు లోపలి వైపున, ఎవరికీ కనబడని చోట, పంచి అనే సన్నని మొన ఉలితో ప్రక్కప్రక్కన మూడు చుక్కలు పూర్తి చేస్తారు. ఈ అలవాటు పాత ఫ్యాక్టరీ నుండి వచ్చింది. అక్కడ ప్రతి రేకు పనివాడికీ ఒక గుర్తు ఉండేదట, ఈయనది మూడు చుక్కలు. పని మొదలు పెట్టినప్పుడు ఒకటి, ఆకారం వచ్చినప్పుడు రెండవది, పూర్తయినప్పుడు మూడవది. మూడవ చుక్క లేని బండిని గేటు దాటనిచ్చేవారు కారట.

ఆ ఫ్యాక్టరీ తయారు చేసినదే ఇప్పుడు తమ ఆవరణలో ఉన్న బండి. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి, నడుమ గుడ్డు ఆకారపు గది. ప్రక్కన తలుపులు లేవు. ముందు భాగమంతా ఒకే తలుపు. పిడి త్రిప్పితే ఫ్రిజ్ తెరిచినట్లు ముఖం మొత్తం తెరుచుకుంటుంది, స్టీరింగు కూడా దానితో పాటు ప్రక్కకు తప్పుకుంటుంది. పైకప్పు మడతపెట్టే గుడ్డ. మేస్త్రి పదిహేడేళ్ళ వయసులో అక్కడ చేరారు, ఇరవై నాలుగవ ఏట ఫ్యాక్టరీ మూతపడింది. చివరగా తయారైన బండ్లలో ఒకటి కొనుక్కుని, సక్రమంగా తన పేరిట రిజిస్ట్రేషను చేయించుకుని, నలభై రెండేళ్ళుగా నడుపుతున్నారు. పుస్తకం నేను స్వయంగా చూశాను. వెలుతురుకు ఎదురుగా పట్టి కూడా చూశాను.

వీధిలో ఈ బండికి గుడ్డుబండి అని పేరు.

"మేస్త్రీ, ఇంకా పొదగలేదా?" అని ఎదురింటి మంగలి ప్రతి ఉదయం అడుగుతాడు.

"ముందు నువ్వు గుడ్డులోంచి బయటికి రా, తర్వాత దీని సంగతి చూద్దాం" అని మేస్త్రి ప్రతి ఉదయం సమాధానం చెబుతారు. పదిహేడు రోజులుగా ఆ ప్రశ్న కూడా లేదు, సమాధానమూ లేదు.

ఇక మొదటి అబద్ధం. పందొమ్మిదేళ్ళ క్రితం ఒక సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఈ బండి వచ్చి నా గేటు స్తంభాన్ని గుద్దింది. నేను కిటికీ వద్దనే ఉన్నాను. లోపల స్టీరింగు వెనుక ఉన్నది మేస్త్రి భార్య. మేస్త్రి వీధి మొదటి నుండి చేతులు ఊపుకుంటూ పరుగెత్తుకుని వచ్చారు.

"నేనే నడిపాను బావగారూ. బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కాను."

"మీరు నడిపితే మీ భార్య లోపల ఎందుకు ఉన్నారు?"

"తోడుగా వచ్చింది."

"ఉన్న ఒక్క తలుపు నా స్తంభానికి ఆనుకుని ఉంది. ఆమె బయటికి రాలేక లోపలే కూర్చున్నారు. మీరు ఎలా వచ్చారు?"

మేస్త్రి ఆకాశం వైపు చూశారు. "పైకప్పు గుడ్డ తీసి."

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్న సామెత నాకు అప్పుడు స్ఫురించింది. అంతలో లోపలి నుండి ఆమె గొంతు వినబడింది.

"ఏవయ్యా మేస్త్రీ! అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పు. ముందు బండి వెనక్కి లాగు, నాకు ఊపిరాడట్లేదు."

నేను నగర పాలక కార్యాలయానికి ఫిర్యాదు వ్రాశాను. సమాధానం లేదు. నెల తరువాత జ్ఞాపకలేఖ వ్రాశాను. సమాధానం లేదు. మూడవ నెలలో మూడవ లేఖ వ్రాశాను. నేను వ్రాసే ప్రతి ఉత్తరానికి కార్బను నకలు ఉంచుకుని, అందినట్లు దానిపై తేదీ ముద్ర వేయించుకుంటాను. ఈ మూడింటికీ వేయించాను. మేస్త్రి స్తంభాన్ని సిమెంటుతో పూడ్చి ఇచ్చారు. కాని దానిపై అంటిన నీలిరంగు చారను నేను చెరపనివ్వలేదు. సాక్ష్యాన్ని చెరిపే పని చేతనైనవాడు మొదట మర్యాదగానే వస్తాడని నా అనుభవం.

బండికి కుడి దీపం క్రింద లోతైన సొట్ట పడింది. నాలుగు రోజులు షెడ్డులో సుత్తి చప్పుడు ఆగలేదు. లోపలికి పోయిన రేకు బయటికి వచ్చింది గాని, రావలసిన చోట ఆగలేదు. నిమ్మకాయను అడ్డంగా సగానికి కోసి బోర్లించినట్లు ఒక ఉబ్బు మిగిలిపోయింది.

"ఊరందరి సొట్టలూ తీసే మహానుభావుడికి ఇంటావిడ పెట్టిన సొట్ట లొంగలేదు" అని ఆమె ప్రహరీగోడ మీదుగా నాతోనే అన్నారు.

"రేకు సాగిందే. సాగదీసిన గొడవకీ సాగిన రేకుకీ మందు లేదు. ముట్టుకున్నకొద్దీ ఉబ్బుతుంది. వేడిచేసి కుంచింపజేద్దామంటే దీపం గూడు కరిగిపోతుంది" అని మేస్త్రి షెడ్డులోంచి అరిచారు.

"అయితే ఉండనీ. నా సంతకం అనుకుంటాను."

అది అక్కడే ఉండిపోయింది. ఆమె తరువాత పరీక్షకు హాజరై లైసెన్సు తీసుకున్నారు. ఏడేళ్ళ క్రితం కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగి అది వంగడం మానివేసింది. కర్ర పట్టుకుని నడవగలరు, వంగి ఒక ప్రక్కగా దూరి కూర్చోలేరు. మామూలు కారులో ఎక్కించబోయి రెండుసార్లు ఆమెను ఏడిపించారు. గుడ్డుబండికి మాత్రం ముఖమే తలుపు గనుక, నిటారుగా లోపలికి నడిచి, వెనుదిరిగి, కాలు చాపుకుని కూర్చుంటారు. మేస్త్రి ప్రతిదినం ఆమెను నగరం ఆ చివర కుట్టుపని నేర్పే సంస్థకు దింపి, సాయంత్రం తీసుకువస్తారు. అక్కడ ఆమె శిక్షకురాలు. పదిహేడు రోజులుగా ఆమె పనికి వెళ్ళలేదు. ఇంకొక పదమూడు రోజులకు బండిని తుక్కు చేయగలమని తమ నోటీసు చెబుతున్నది. ఈ వ్యవహారంలో పోయేది ఏమిటో తమరు గ్రహించడానికి ఇంత వివరంగా వ్రాశాను.

ఏడాదిన్నర క్రితం ఒక ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకు ఒక యువకుడు, ఒక యువతి మేస్త్రి ఇంటికి వచ్చారు. వారి వాహనపు నంబరు నా దినచర్య పుస్తకంలో ఉన్నది. ఆ పాత గుడ్డుబండ్లను ఈ కాలానికి తగినట్లు, బ్యాటరీతో నడిచేలా, మళ్ళీ తయారు చేయబోతున్న కొత్త కంపెనీ తరఫున వచ్చామన్నారు. పాత ఫ్యాక్టరీ పటాలు దొరకలేదని, మంచి స్థితిలో ఉన్న బండి ఇదొక్కటే కనబడిందని, కొలతలు తీసుకోనివ్వమని అడిగారు.

"మేం ఆ పాత డిజైన్ మీద గౌరవంతో వచ్చాం సార్" అన్నాడు యువకుడు.

"గౌరవానికి ఇన్ని పెట్టెలు ఎందుకు నాయనా?" అన్నారు మేస్త్రి. వారు అప్పటికే మూడు పెట్టెలు దింపారు.

నాకు వారి వాలకం నచ్చలేదు. మరీ వినయంగా మాట్లాడేవారి జేబులు చూడాలని అంటారు. వారు బండి పైన అంతటా తెల్లని చిన్న బిళ్ళలు అంటించారు, దద్దుర్లు లేచినట్లయింది. తరువాత ముక్కాలిపీట మీద ఒక యంత్రం నిలిపి, దాని వెలుతురును బండి చుట్టూ త్రిప్పారు. బయటి వైపు మాత్రమే. లోపలి వైపు మేస్త్రి ఆ సొట్ట పని ముగించాక తుప్పు పట్టకుండా నల్లని తారు పూత పూసి ఉన్నారు, దాని జోలికి వారు పోలేదు. ఒంటిగంటా నలభైకి యువతి కుడి దీపం క్రింద వ్రేలు పెట్టి ఏదో అడిగింది. నాకు వినబడలేదు. మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. తరువాత తల ఊపారు. నా పుస్తకంలో "మేస్త్రి తల ఊపెను, కారణం తెలియదు" అని ఉన్నది.

నాలుగు నెలల క్రితం కొత్త గుడ్డుబండ్లు రోడ్ల మీదికి వచ్చాయి. అదే ఆకారం, అవే మూడు చక్రాలు, అదే ముఖం తలుపు. మా వీధి మలుపులోనే దుకాణం తెరిచారు. మేస్త్రి ఒక్కసారైనా అటు వెళ్ళలేదు. పిలిచినా వెళ్ళలేదు. ఇది నాకు వింతగా తోచింది. తన చేతి పని వంటిది మళ్ళీ పుడితే చూడబోని పనివాడు ఉంటాడా? రెండు నెలల క్రితం ఆయన బండిని రంగు వేయించడానికి పంపారు. పదకొండు రోజులు అది ఇంట లేదు. తిరిగి వచ్చినప్పుడు ముక్కు పుటాలు అదిరేంత రంగు వాసనతో కొత్తగా ఉంది.

ఆ తరువాత కూడలి వద్ద తమ అధికారి బండిని ఆపారు. ఆయన వద్ద పాత బండి ఫోటో, కొత్త బండి ఫోటో రెండూ ఉన్నాయి. ఆయన వ్రాసి ఇచ్చిన కాగితాన్ని యథాతథంగా ఎత్తి వ్రాస్తున్నాను: "కుడి దీపం క్రింద గల ఉబ్బు పాత నమూనాలో లేదు. కొత్త నమూనాలో మాత్రమే ఉన్నది. ఈ వాహనముపై ఆ ఉబ్బు కలదు. రంగు కూడ నూతనము. కావున పాత వాహనపు ఇంజను, నంబరులను ఉంచుకొని, అనుమతి లేకుండ కొత్త వాహనపు పైతొడుగును అమర్చినట్లు తోచుచున్నది."

తార్కికంగా ఇందులో దోషం లేదు. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే వ్రాసి ఉండేవాణ్ణి. నిజం చెప్పవలసి వస్తే, ఆ కాగితం చదివిన తరువాత నేను కూడా మేస్త్రిని అనుమానించాను. పదకొండు రోజులు బండి ఎక్కడ ఉంది? ఉబ్బు నేను పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే, అందులో సందేహం లేదు. కాని అదే ఉబ్బు కొత్త బండ్లకు ఎలా వచ్చింది? పాత తొడుగును ఆ కంపెనీ వారికి ఇచ్చి, కొత్తది తగిలించుకుని వచ్చారేమో. షెడ్డుకు వెళ్ళి అడిగాను.

"మేస్త్రీ, కొత్త బండ్లకు కూడా ఆ ఉబ్బు ఉందట. మీకు తెలుసా?"

"ఉంటే ఉంటుంది."

"ఎలా వచ్చింది?"

"నన్నేం అడుగుతారు బావగారూ? వాళ్ళ బండి, వాళ్ళ ఉబ్బు." ఆయన నా వైపు చూడలేదు. ఖాళీ దిమ్మె మీద సుత్తితో తాళం వేస్తూ ఉన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు అనిపించింది.

మరునాడు ఆయన భార్యను వెంటబెట్టుకుని, కర్ర సాయంతో నెమ్మదిగా నడిపించి, మలుపులోని దుకాణానికి వెళ్ళాను. అద్దాల వెనుక నాలుగు బండ్లు మెరుస్తున్నాయి. అమ్మకపు కుర్రవాడు, నెక్‌టై కట్టుకున్నవాడు, ఎదురు వచ్చి మొదటి బండి ముఖం తెరిచాడు. ఆమె లోపలికి నడిచి, తిరిగి, కూర్చున్నారు.

"మీ కోసమే చేసినట్టుంది మేడమ్!"

"ఉండదూ మరి! నా ఇంటి బండిని చూసే కదా చేశారు."

అతడు నవ్వి, కుడి దీపం క్రింద చేత్తో నిమిరాడు. "దీన్ని గమనించారా? దీన్ని నవ్వుగీత అంటాం. పాత కాలపు పనివాళ్ళ చేతి చలవ. బుగ్గ మీద సొట్టలా, బండికే ఒక కళ. ఇది చూసే చాలామంది కొంటున్నారు."

ఆమె బయటికి వచ్చారు. ఆ ఉబ్బు మీద అరచేయి పెట్టారు. తరువాత ప్రక్క బండి మీద. తరువాత మూడవదాని మీద.

"ఏం బాబూ, ఇది నవ్వుగీత కాదు. నేను ఈ అన్నయ్యగారి గేటుకి గుద్దితే పడిన సొట్ట."

"మేడమ్ జోకులు బాగా వేస్తారు."

"జోకు కాదయ్యా. కావాలంటే గేటుని అడుగు."

నేను వంగి నాలుగవ బండి ఉబ్బును చూశాను. నా మనసు వేరొక చోటికి పోయింది. మా నకళ్ళ విభాగంలో ఒకసారి కొత్తగా చేరిన గుమాస్తా ఒక పాత దస్తావేజుకు నకలు తీశాడు. అసలు కాగితం మీద ఎవరో పెట్టిన టీ గ్లాసు మరక గుండ్రంగా ఉన్నది. అతడు దానిని చెరిగిపోయిన ముద్ర అనుకుని, వృత్తలేఖిని తీసుకుని, నకలు మీద చక్కగా గుండ్రం గీశాడు. తరువాత రెండు కాగితాల్లో అసలు ఏది అన్న వివాదం వచ్చింది. గుండ్రం శుభ్రంగా ఉన్నది గనుక నకలే అసలని కొందరు వాదించారు. నేను రెండింటినీ వెనక్కి త్రిప్పాను. ఒకదానిలో మరక కాగితం వెనుకకు ఇంకి ఉంది. రెండవదాని వెనుక తెల్లగా ఉంది. నకలు తీసేవాడు ఎప్పుడూ ముందు వైపే చూస్తాడు. తప్పును కూడా శ్రద్ధగా ఎత్తుకుంటాడు, వెనుక ఇంకినది మాత్రం ఎత్తుకోలేడు. దీపం క్రిందే చీకటి అన్న మాట నాకు ఆ రోజు ఈ దీపం విషయంలో అర్థమయింది.

దారిలో ఆమెకు ఆ యువతి సంగతి, మేస్త్రి తల ఊపిన సంగతి చెప్పాను. తిరిగి వచ్చేసరికి మేస్త్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆమె కర్రను గోడకు ఆనించి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగారు.

"ఆ పిల్ల అడిగినప్పుడు ఏం చెప్పావు?"

"ఏ పిల్ల?"

"యంత్రం పట్టుకొచ్చిన పిల్ల. నా సొట్ట మీద వేలు పెట్టి ఏదో అడిగిందని అన్నయ్యగారు చూశారు. తల ఊపావట."

మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకున్నారు. గుడ్డ లేదు, చొక్కాకు తుడుచుకున్నారు.

"పాత ఫోటోల్లో ఇది లేదు, చివరి బండ్లలో చేసిన మార్పా అని అడిగింది. నలభై తొమ్మిదేళ్ళుగా సొట్టలు తీస్తున్నవాణ్ణే. నా బండి మీదే తీయలేని సొట్ట ఉందని ఆ చిన్నపిల్లకి ఎలా చెప్పను? 'అవును, చివర్లో అలాగే చేసేవాళ్ళం' అన్నాను. ఒక్క ముక్క."

"ఆ ఒక్క ముక్కకి వాళ్ళు వచ్చిన బండికల్లా నా సొట్ట పెట్టారయ్యా!"

"మలుపు దగ్గర మొదటి బండి కనబడ్డప్పుడే తెలిసింది. అందుకే అటు పోలేదు."

ఇది రెండవ అబద్ధం. దీని ఫలితంగానే తమ అధికారి అసలును చూసి నకలని భావించవలసి వచ్చింది.

ఈ విషయం యావత్తూ తమకు వ్రాసి ఇవ్వాలని నేను అన్నాను. మేస్త్రి ముఖం మాడిపోయింది. "వద్దు బావగారూ. ఇంకేమైనా రాయండి. సొట్టల మేస్త్రికి సొట్ట తీయడం రాలేదని ప్రభుత్వ కాగితం మీద ఉంటే రేపు షెడ్డుకి ఎవరొస్తారు? పనివాడికి మిగిలేది ఆ పేరే."

ఆమె లోపలికి వెళ్ళి, కుట్టు సంస్థకు తీసుకువెళ్ళే సంచిని తెచ్చి ఆయన ఎదుట బల్ల మీద పెట్టారు. అప్పటికి పదిహేను రోజులుగా మేకుకు తగిలించి ఉన్న సంచి. "దీని మీద దుమ్ము చూడు" అన్నారు, అంతే. ఆయన గుడ్డ ముక్క కోసం వెదకలేదు. అరచేత్తోనే తుడిచారు. చాలాసేపు తుడిచారు.

తరువాత నా వైపు తిరిగి, "రాయండి. ఇది కూడా రాయండి. ఆ సొట్టకి నేను మూడో చుక్క కొట్టలేదు" అన్నారు.

నేను వెంటనే నమ్మలేదు. ఆయనను షెడ్డులో ఉండమని, వంటగదిలో ఉన్న ఆమెను వేరుగా అడిగాను. ఆ నాలుగు రోజులూ దీపం పట్టుకుని నిలబడింది ఆమె. "రెండు చుక్కలే అన్నయ్యగారూ. మూడోది కొట్టబోయి పంచి కింద పెట్టేశాడు. పూర్తికాని పనికి పూర్తయిందని గుర్తు వేయనన్నాడు. ఆ రోజు అన్నం కూడా తినలేదు" అన్నారు. ఇద్దరి వాంగ్మూలమూ సరిపోయింది. తరువాత రంగు వేసినతని వద్దకు వెళ్ళి విచారించాను. బండి పదకొండు రోజులూ అతని వద్దనే ఉన్నదని, లోపలి నల్లపూతను తాను ముట్టలేదని అతడు వ్రాసి ఇచ్చాడు.

ఆ సాయంత్రం నా నకళ్ళ కట్టలు విప్పాను. పందొమ్మిదేళ్ళ నాటి మూడవ లేఖ దొరికింది. నగర పాలక కార్యాలయపు తేదీ ముద్ర స్పష్టంగా ఉన్నది. అందులో నేను ఇలా వ్రాసి ఉన్నాను: "సదరు వాహనమును మరమ్మతు చేసిన పిమ్మట కూడ కుడి దీపము క్రింద అర్ధనిమ్మకాయ ప్రమాణము గల ఉబ్బు మిగిలియున్నది. కావున వాహనమును గుర్తించుట సులభము." ఆ బండి గుర్తు దొరకకుండా మార్చివేస్తారేమో అన్న అనుమానంతో వ్రాసిన వాక్యం అది. కొత్త కంపెనీ వారు అప్పటికి బహుశా బడిలో ఉండి ఉంటారు.

మేస్త్రి ఆ నకలును రెండుసార్లు చదివారు.

"ఇందులో నన్ను అసత్యవాది అన్నారా బావగారూ?"

"మూడు చోట్ల."

"మంచిది. అలాగే ఇవ్వండి. తిట్టినవాడి సాక్ష్యమైతేనే నమ్ముతారు."

పై కారణాలచేత, ఈ లేఖకు ఆ మూడవ ఫిర్యాదు నకలును, స్తంభం మీది నీలి చార ఫోటోను, రంగు వేసినతని వ్రాతను, ఆ సొట్టను సరిచేయడం తనకు సాధ్యం కాలేదని, కంపెనీ వారికి తప్పు చెప్పానని మేస్త్రి స్వహస్తంతో వ్రాసి సంతకం చేసిన ఒప్పుకోలును జతపరచి, తమకు సవినయంగా విన్నవించుకుంటున్నాను.

ఈ వాహనాన్ని తుక్కు చేసే ఉత్తర్వును వెంటనే నిలుపుదల చేయించవలెను. తమ సమక్షంలో, మేస్త్రిని, ఆయన భార్యను పిలిపించి, కుడి దీపాన్ని విప్పి, దాని వెనుక లోపలి వైపున ఉన్న నల్లపూతను అరచేయి వెడల్పున గీకించవలెను. అక్కడ సుత్తి దెబ్బల గుంటలు, వాటి క్రింద ప్రక్కప్రక్కన రెండు చుక్కలు కనబడగలవు. దుకాణంలోని కొత్త బండి దీపాన్ని కూడా విప్పించి పోల్చవలెనని నా మనవి. అక్కడ రేకు వెనుక నున్నగా ఉండగలదు. రెండు చుక్కలు కనబడినచో, రిజిస్ట్రేషనును యథాతథంగా పునరుద్ధరించి వాహనాన్ని సొంతదారుకు అప్పగించవలెను. మూడు చుక్కలు కనబడినా, ఒక్కటీ కనబడకపోయినా, ఈ లేఖను అసత్య సాక్ష్యంగా పరిగణించి నాపై తగిన చర్య తీసుకొనవచ్చును. నగర పాలక కార్యాలయంలో పందొమ్మిదేళ్ళుగా విచారణకు రాని నా మూడు ఫిర్యాదులను ఈ దినమే వేరొక లేఖ ద్వారా ఉపసంహరించుకున్నాను. దాని నకలు కూడా జతపరచడమైనది.

చివరగా ఒక చిన్న మనవి. వాహనాన్ని తమ ఆవరణలో గోడకు ముఖం ఆనించి నిలిపినట్లు గేటు బయటి నుండి చూసి తెలుసుకున్నాను. దానికి తలుపు ముందు వైపునే ఉన్నది. అప్పగించే దినాన ఆమె స్వయంగా వచ్చి బండి ఎక్కుతానంటున్నారు గనుక, ముందుగానే దానిని వెనుకకు లాగించి, గోడకు బండికి నడుమ కనీసం నాలుగు అడుగుల ఖాళీ ఉండేలా ఉత్తర్వు చేయవలసినదిగా ప్రార్థిస్తున్నాను.